కనబడని గుమ్మానికి కావలి ఎవరు?



ఈ నెల మన గృహ శీర్షికలో ఒక చిన్న డబ్బాను గూర్చి వ్రాయుచున్నాను. నేడు అనేక గృహములలో గోడకో, టీవీ ప్రక్కనో పచ్చని దీపాలు మిణుకు మిణుకుమంటూ కూర్చున్న వైఫై రూటరును గూర్చి. "అయ్యగారూ, వాక్యము చెప్పే మీకు ఈ డబ్బాలతో ఏమి పని?" అని మీరు అడుగవచ్చును. కొంచెము ఓపికతో చివరివరకు చదవండి. దీనిని గూర్చి నేను చేసిన ఒక పొరపాటు కూడ ఇందులో ఉన్నది.

కొన్ని నెలల క్రిందట ఒక రాత్రి మా సంఘ సహోదరుడొకడు ఫోను చేశాడు. ఆయన సింగరేణి గనిలో పనిచేసే కార్మికుడు. ఆ కుటుంబము అనుమతించినందున, పేర్లు లేకుండ ఇది వ్రాయుచున్నాను. "అయ్యగారూ, జెర మా ఇంటికొచ్చి ప్రార్థన చేసిపోండ్రి. ఈ డబ్బ పెట్టిచ్చినకాడికెల్లి ఇంట్ల శాంతి లేదు. పిలగాడు రాత్రి రెండు గొట్టేదాక ఫోన్లనే ఉంటుండు. పొద్దుగాల కాలేజికి లేస్తలేడు. ఇగ దీన్ని తీసి బయట పారేస్త" అన్నాడు.

మరునాడు సాయంత్రము వెళ్లాను. డబ్బా ఎక్కడ అని చూస్తే కనబడలేదు. కుమారుడు ముట్టకుండ ఆ తండ్రి దానిని ఇనుప బీరువాలో పెట్టి తాళము వేశాడు! తీగ మాత్రము తలుపు సందులో నుండి బయటికి వచ్చి ఉన్నది. నాకు నవ్వు వచ్చింది గాని, ఆయన ముఖములోని దుఃఖము చూసి ఆపుకున్నాను. దీపమును వెలిగించి కుంచము క్రింద ఎవరును పెట్టరని మన ప్రభువు కొండమీద బోధించిన మాట మత్తయి 5వ అధ్యాయములో ఉన్నది. ఇక్కడ దీపము బీరువాలోనే ఉన్నది.

థియాలజీ డిప్లొమాలో నాకు గ్రీకు అక్షరములు నేర్పారు గాని ఈ విద్య నేర్పలేదు. 2020 మార్చి నెలలో లాక్‌డౌన్ వచ్చి మందిరములు మూతపడినప్పుడు, ఆదివారపు ఆరాధన ఇంటినుండి పంపించవలసి వచ్చి, అవసరము నేర్పించింది. అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రములో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు ప్రారంభమైనవి. చాలా గృహములలో ఇంటర్నెట్ "పిల్లల చదువు కొరకు" అనే పేరుతో అడుగు పెట్టింది ఆ రోజులలోనే. చదువు కొరకు తెచ్చినదే గాని, చదువు ఒక్కటే లోపలికి రాలేదు.

ఈ డబ్బా చేసే పని ఏమిటి? ఒక ప్రక్క బయటి లోకముతోను, మరొక ప్రక్క మన ఇంటివారితోను మాట్లాడుతుంది. ఇంటిలోని ప్రతి ఫోనుకు, టీవీకి, కంప్యూటరుకు ఒక్కొక్క చిరునామా ఇచ్చి, ఎవరు అడిగినది వారికి తెచ్చి ఇస్తుంది. ఊరిలో పోస్టుమాస్టరు చేసే పనివంటిదే. అయితే ఈ పోస్టుమాస్టరుకు మంచి ఉత్తరము, చెడ్డ ఉత్తరము అనే భేదము తెలియదు. మనము చెప్పినంతవరకే తెలుసు. చెప్పకపోతే అందరికీ అన్నీ అందిస్తాడు.

కాబట్టి ఇది మన ఇంటికి ఒక గుమ్మము. కట్టెతో చేసిన గుమ్మానికి గొళ్లెము, తాళము, రాత్రివేళ గడియ పెడతాము. కనబడని ఈ గుమ్మాన్ని మాత్రము ఎవడో వచ్చి బిగించిపోయిన స్థితిలోనే బార్లా తెరచి నిద్రపోతున్నాము. నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము చదవండి. యెరూషలేము ప్రాకారము కట్టునప్పుడు అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసుకున్నారు. 7వ అధ్యాయములో తలుపులు నిలిపిన తరువాత వాటిని ఏ వేళ తెరవవలెనో, ఎవరు కావలి ఉండవలెనో నెహెమ్యా నియమించాడు. గోడ కట్టుట ఒక పని, కావలి కాయుట మరొక పని. ఈ భేదము నాకు ఆలస్యముగా అర్థమైంది. ముందు గోడను గూర్చి చెప్పుదును.

మొదటిది, డబ్బాను దాని చోట పెట్టుట. బీరువాలోనుండి తీయించి, ఇంటి మధ్యభాగములో, మనిషి తలకన్న ఎత్తుగా గోడకు పెట్టించాము. ఇనుము ఈ తరంగములను అడ్డగిస్తుంది. పాత క్వార్టర్ల మందపాటి గోడలు కూడ బలహీనపరుస్తాయి. చాలా డబ్బాలలో రెండు రకముల తరంగములుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ అనునది గోడలు దాటి దూరము పోతుంది గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్ అనునది వేగముగా ఉంటుంది గాని దూరము పోదు. ముందు గదికి రెండవది, వెనుక గదికి మొదటిది వాడుకొనవచ్చును. మైక్రోవేవ్ ఓవెన్ దగ్గర పెట్టకూడదు, అది కూడ 2.4 సమీపములోనే పనిచేస్తుంది. ఇరుగుపొరుగు డబ్బాలు ఎక్కువై వేగము తగ్గితే 1, 6, 11 అను చానళ్లలో ఖాళీగా ఉన్నదానికి మార్చుకొనవలెను.

రెండవది, తాళపుచెవులు. ఇక్కడ అనేకులు పొరబడుచున్నారు. చెవి ఒక్కటి కాదు, రెండు. ఒకటి వైఫై పాస్‌వర్డ్, అనగా ఇంటిలోనికి వచ్చుటకు చెవి. రెండవది డబ్బా యొక్క స్వంత పాస్‌వర్డ్, అనగా తాళమునే మార్చగల చెవి. డబ్బా అడుగున ఒక కాగితము అంటించి ఉంటుంది. దానిమీద ఒక చిరునామా ఉంటుంది. సాధారణముగా 192.168.1.1 లేక 192.168.0.1. ఆ ఇంటి వైఫైలో ఉన్న ఫోనులో బ్రౌజరు తెరచి ఆ అంకెలు కొడితే డబ్బా లోపలి పుట తెరుచుకుంటుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలా డబ్బాలకు ఫ్యాక్టరీలో రెండిటికీ "అడ్మిన్" అనే మాటే పెడతారు. ఇది లోకమంతటికీ తెలిసిన తాళము. 2016లో "మిరాయ్" అనే దుష్ట ప్రోగ్రాము ఇట్లు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని రూటర్లలోను కెమెరాలలోను దూరి, లక్షలాది యంత్రములను తన బానిసలుగా చేసుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. ఆ ఇండ్లవారికి తమ డబ్బా అందులో పాలుపొందినదని కూడ తెలియదు.

నేను ఆ సహోదరుని డబ్బా తెరచి చూసినప్పుడు, అందులో పదకొండు యంత్రములు కలిసి ఉన్నట్టు కనబడినది. ఇంటిలో ఉన్న ఫోన్లు మూడు, టీవీ ఒకటి. తక్కినవి ఎవరివి? పాస్‌వర్డుగా తన ఫోను నంబరే పెట్టుకున్నందున వాడకట్టు పిల్లలందరూ అరుగు మీద కూర్చుండి వాడుకొనుచున్నారు. "పోనీయండ్రి అయ్యగారూ, పిల్లలే గదా" అన్నాడాయన. ఉదారత మంచిదే. కాని 2008 జూలైలో అహ్మదాబాదులో బాంబులు ప్రేలినప్పుడు, ఉగ్రవాదుల ఈ-మెయిలు నవీ ముంబైలోని ఒక ఇంటి వైఫై నుండి వచ్చినట్టు తేలింది. ఆ ఇంటిలో ఉన్న అమెరికా దేశస్థునికి ఆ కుట్రతో సంబంధము లేదు. తాళము లేని ఆయన వైఫైని ఇతరులు వాడుకున్నారు. అయినను పోలీసులు వచ్చి నిలిచినది ఆయన గుమ్మములోనే. మన డబ్బా నుండి బయటికి పోయినది మన పేరుమీదనే పోతుంది. ఇది మరువకండి.

కాబట్టి రెండు పాస్‌వర్డులూ మార్చాము. ఫోను నంబరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు వద్దు. సంబంధము లేని మూడు నాలుగు మాటలు కలిపి, మధ్యలో అంకెలు చేర్చితే గుర్తుంటుంది, ఇతరులకు అందదు. భద్రత రకము అని ఉన్నచోట డబ్ల్యూ.పి.ఎ.3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూ.పి.ఎ.2 ఎంచుకోవలెను. పాతకాలపు డబ్ల్యూ.ఇ.పి. అనునది పగిలిన తాళము, దానిని ముట్టవద్దు. డబ్ల్యూ.పి.ఎస్. అనే మీట కూడ ఆపివేయండి. దానిలోని ఎనిమిదంకెల సంఖ్యను సులువుగా కనుగొనవచ్చునని 2011లోనే బయటపడినది. వైఫైకి పెట్టే పేరులో మీ ఇంటి పేరు, క్వార్టరు నంబరు వద్దు.

మూడవది, అతిథి గది. గృహకూటములకు వచ్చినవారు, బంధువులు పాస్‌వర్డ్ అడుగుదురు. అడిగినవారికి లేదనుట మనకు కష్టము. చాలా డబ్బాలలో "గెస్ట్ నెట్‌వర్క్" అని వేరుగా ఉన్నది. అతిథులకు ముందు గది చూపించి లోపలి గదులు మూసినట్టు, వారికి ఇంటర్నెట్ అందుతుంది గాని మన కంప్యూటర్ల జోలికి వారు రాలేరు.

నాలుగవది, వడపోత. మనము ఒక వెబ్‌సైటు పేరు కొడితే, ఆ పేరుకు చిరునామా ఏదో చెప్పే పుస్తకము ఒకటి ఉంటుంది, పూర్వము టెలిఫోను డైరెక్టరీ వలె. దానిని డి.ఎన్.ఎస్. అంటారు. అశ్లీలమైనవాటికి, మోసపు సైట్లకు చిరునామా చెప్పని పుస్తకములున్నవి. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబముల కొరకు ఉచితముగా ఇచ్చిన 1.1.1.3 అట్టిదే. డబ్బాలో డి.ఎన్.ఎస్. అని ఉన్నచోట మొదటి వరుసలో 1.1.1.3, రెండవ వరుసలో 1.0.0.3 అని వ్రాస్తే ఆ ఇంటి వైఫై అంతటికీ వర్తిస్తుంది. కొన్ని కంపెనీల డబ్బాలలో దీనిని మార్చనివ్వరు, అప్పుడు వారినే అడుగవలెను. అయితే దీని పరిమితి కూడ తెలుసుకొనండి. ఫోనులో సిమ్ డేటా వేసుకుంటే ఈ వడపోత లేదు. ఒక యాప్ లోపల ఏ వీడియో వస్తున్నదో ఇది చూడలేదు.

అయిదవది, వేళలు. ఏ ఫోనుకు ఏ వేళ ఇంటర్నెట్ అందవలెనో చాలా డబ్బాలలో నియమించవచ్చును. ఆ తండ్రి కోరినట్టు, కుమారుని ఫోనుకు రాత్రి 10 నుండి ఉదయము 5 వరకు ఆపివేశాను. ప్రార్థన చేసి, టీ త్రాగి, గొప్ప పరిచర్య చేసినవానివలె ఇంటికి వచ్చాను.

ఇక్కడే నా పొరపాటు.

నాలుగవ దినమున డబ్బాలో ఎర్ర దీపము వెలిగింది. ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయింది. కుమారుడు డబ్బా వెనుకనున్న సన్నని రంధ్రములో పిన్నీసు గుచ్చి నొక్కి పట్టాడు. అట్లు చేస్తే డబ్బా తన సంగతులన్నీ మరచి ఫ్యాక్టరీనుండి వచ్చిన స్థితికి పోతుంది. మన తాళములే గాక కంపెనీవారు పెట్టిన వివరములు కూడ చెరిగిపోవచ్చును. వారి మనిషి వచ్చేవరకు లైను రాదు. ఆ దినమే ఆ ఇంటి ఆడబిడ్డ నర్సింగు కోర్సుకు దరఖాస్తు పంపవలసిన చివరి దినము. ఫోను డేటాతో ప్రయత్నిస్తే సర్టిఫికెట్లు ఎక్కలేదు. ఆ బిడ్డ ఏడ్చుకుంటూ బజారుకు పరుగెత్తి, మూసివేయుచున్న ఒక నెట్ సెంటరులో బ్రతిమాలుకొని పంపించింది. డ్యూటీనుండి వచ్చిన తండ్రి సంగతి విని కుమారుని కొట్టాడు. వాడు చెప్పులు కూడ వేసుకొనకుండ ఇల్లు విడిచి వెళ్లాడు.

ఆ రాత్రి నేను, ఆ తండ్రి, ఇద్దరు సంఘ యౌవనులు మంచిర్యాల వీధులన్నీ తిరిగాము. బస్టాండు, గోదావరి ఒడ్డు, స్నేహితుల ఇండ్లు. రైళ్లు పోవుచున్న శబ్దము విన్నప్పుడెల్లా ఆ తండ్రి నా చేయి గట్టిగా పట్టుకొనుచుండెను. రాత్రి ఒంటిగంట దాటిన తరువాత రైల్వేస్టేషనులో ప్లాట్‌ఫారము చివర, లైటు లేనిచోట కూర్చున్న ఆ పిల్లవాడు కనబడ్డాడు. దేవునికి స్తోత్రము.

తండ్రిని కొంచెము దూరములో ఉండుమని చెప్పి నేను వాని ప్రక్కన కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పిమ్మట అన్నాడు: "అయ్యగారూ, మీరు ఆ దినం ఇంటికొచ్చిన్రు. బాపుతోని మాట్లాడిన్రు, డబ్బతోని మాట్లాడిన్రు. నన్ను ఒక్క మాటన్న అడిగిన్రా? దొంగకు తాళమేసినట్టు ఏసిపోయిన్రు."

ప్రియులారా, ఎన్నో ప్రసంగములు చేసిన నాకు ఆ పిల్లవానికి ఇచ్చుటకు జవాబు లేకపోయింది. "తప్పు నాదే బిడ్డా" అని మాత్రము అన్నాను. అప్పుడు చెప్పాడు. ఇంటర్ మొదటి సంవత్సరములో రెండు సబ్జెక్టులు పోయినవి. ఇంటిలో చెప్పలేదు. పడుకుంటే అదే జ్ఞాపకము వస్తుంది. అది రాకుండ నిద్ర ముంచుకొచ్చేవరకు ఆటలు, వీడియోలు చూస్తాడు. మేము డబ్బాలో చూసినది పదకొండు యంత్రములను. ఆ పిల్లవాని భయము ఆ పట్టికలో లేదు. ఏ డబ్బాలోను ఉండదు.

తండ్రి దగ్గరకు వచ్చాడు. ఏమంటాడోనని నేను భయపడ్డాను. ఆయన తన చెప్పులు విడిచి కుమారుని కాళ్ల ముందు పెట్టి, "ఏసుకో, కాళ్లు కాలుతయి. ఇంటికి పోదాం" అన్నాడు. రాత్రివేళ కాళ్లు కాలవని ముగ్గురికీ తెలుసు. లూకా 15వ అధ్యాయములో తిరిగి వచ్చిన కుమారుని పాదములకు చెప్పులు తొడిగించిన తండ్రి నాకు జ్ఞాపకము వచ్చాడు.

కంపెనీ మనిషి వచ్చి లైను సరిచేసిన తరువాత ఆదివారము సాయంత్రము మేము మరల కూర్చున్నాము. ఈసారి నలుగురము. నేను డబ్బాను ముట్టలేదు. ఆ పిల్లవానితోనే అన్నీ చేయించాము. నాకన్న వేగముగా చేశాడు. నేను మరచిన ఒక సంగతి కూడ చూపించాడు. ఈ కాలపు ఫోన్లు వైఫైకి తమ అసలు గుర్తింపు సంఖ్యకు బదులు మారు సంఖ్య చూపగలవట, అందుచేత ఫోను గుర్తింపుతో పెట్టిన వేళల కట్టుబాటును తప్పించుకొనుట పిల్లలకు కష్టము కాదట! డబ్బాకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చియున్నదని చూచి దానిని కూడ ఎక్కించాడు. చివరికి రెండవ పాస్‌వర్డ్, అనగా తాళమును మార్చగల చెవి, ఎవరియొద్ద ఉండవలెనని ప్రశ్న వచ్చింది. తండ్రి కొంచెము ఆలోచించి, "వానితాన్నే ఉండనియ్యి. నా తాన ఒక కాయితం మీద రాసిపెట్టు" అన్నాడు.

దినవృత్తాంతముల మొదటి గ్రంథము 9వ అధ్యాయములో ద్వారపాలకులను గూర్చి ఉన్నది. నమ్మకమైనవారని ఎంచి ఆ పని వారికి అప్పగించారు. ప్రతి ఉదయము మందిరపు తలుపులు తెరచుట వారి వంతు. అనుమానించి బయట నిలిపినవాడు గోడకు కన్నము వెదకుతాడు. నమ్మి చెవి ఇచ్చినవాడు కావలివాడు కాగలడు. అందరూ అవుదురని నేను చెప్పను. చిన్నపిల్లల విషయములో చెవి తల్లిదండ్రుల యొద్దనే ఉండవలెను. ఎదిగిన పిల్లలతో మాత్రము ముందు మాట, తరువాత తాళము.

ఆ ఇంటిలో ఇప్పుడు ఒక కట్టుబాటు ఉన్నది. రాత్రి 10:30కు అన్ని ఫోన్లు ముందు గదిలో అల్మరాపై పెడతారు. తండ్రి ఫోను కూడ. డ్యూటీనుండి వచ్చి మంచముమీద వీడియోలు చూచుట ఆయనకు కూడ అలవాటే. ఆ సంగతి ఆ సాయంత్రము కుమార్తె బయటపెట్టింది! పిల్లవాడు సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు గట్టెక్కాడు, ఇంకొకటి మిగిలి ఉన్నది. మా సంఘ యౌవనుడొకడు చెప్పుచున్నాడు. ప్రార్థించండి.

ఈ నెలలో మీ ఇంట చేయవలసినవి: డబ్బా ఎక్కడ ఉన్నదో చూడండి. రెండు పాస్‌వర్డులు మార్చండి. దానిలో ఎన్ని యంత్రములు కలిసి ఉన్నవో లెక్కించండి. రీసెట్ నొక్కితే ఏమి పోతుందో ఇంటిల్లిపాదికీ చెప్పండి. ఎవరైనను ఆన్‌లైన్ మోసములో డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచక వెంటనే 1930కి ఫోను చేయండి. ఇవన్నీ చేయుటకు ఒక గంట చాలును. కాని ఆ గంటకు ముందు మరొక గంట మీ పిల్లల ప్రక్కన కూర్చుండి, "నీకు రాత్రి ఎందుకు నిద్రపట్టదు?" అని అడగండి. జవాబు వచ్చేవరకు లేవకండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా కన్నులకు కనబడని గుమ్మములను కాయుటకు మాకు జ్ఞానమిమ్ము. మా పిల్లల హృదయములను తట్టకుండ తాళములు వేసిన మమ్మును క్షమించుము. రాత్రివేళ మెలకువగా ఉండి భయపడుచున్న ప్రతి బిడ్డ యొద్దకు నీవే వెళ్లుము, మమ్మును కూడ పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు,
సంఘ కాపరి, మంచిర్యాల